ఒక పరికరం, పలు రౌటర్లు: వీధి దీపాలకు, నీటి మీటర్లకు చిరునామాలు ఎలా నిలుస్తాయి?

స్థిరపడిన చోటును బట్టి తెలుగువారి నోట చిరునామాకు పేరు మారుతుంది. కర్ణాటకలోను తమిళనాటను తరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలలో ‘విలాసం’ అనే మాట నేటికీ వినబడుతుంది. మహారాష్ట్రలో ఇరుగుపొరుగువారు ‘పత్తా’ అంటారు, ఒడిశాలో ‘ఠికణా’ అంటారు. పేరు ఏదైనా దాని పని ఒకటే: పంపినది చేరవలసిన చోటికి చేరాలి. బతుకుతెరువు కోసం ఊరు మారినవారికి ఈ పని ఎంత క్లిష్టమో ఎవరూ వివరించనక్కరలేదు. రేషన్ కార్డు ఒక చోట, గ్యాస్ కనెక్షన్ ఒక చోట, ఓటరు జాబితాలో పేరు మరొక చోట ఉన్న కుటుంబాలు మనలో కొల్లలు.

ఇదే చిక్కు నేడు నగరంలోని యంత్రాలకూ వచ్చింది. వీధి స్తంభంపై దీపాన్ని వెలిగించి ఆర్పే నియంత్రణ పరికరం, విద్యుత్ మీటరు, అపార్ట్‌మెంటు గొట్టానికి బిగించిన నీటి మీటరు, గాలిలోని ధూళిని కొలిచే పెట్టె తీగలు లేకుండా రేడియో తరంగాలతో సమాచారం పంపుతున్నాయి. వాటికీ చిరునామాలు ఉన్నాయి. వాటి మాటను అందుకొని ముందుకు పంపే రౌటర్లు ఒకటికి మించి ఉన్నప్పుడు ఆ చిరునామాలను ఎవరు, ఎలా కాపాడుతారన్నది ఈ వ్యాసంలోని విషయం. ఇది ఇంజనీర్లకు మాత్రమే సంబంధించినది కాదు. నీటి బిల్లు సరిగా రావడం, ఆరిన దీపం సకాలంలో వెలగడం, ఇంటిలోని అలవాట్లు పరుల కంట పడకుండా ఉండడం దీనిపై ఆధారపడి ఉన్నాయి.

అల్పశక్తి పరికరాల తీరు

ఈ పరికరాలలో చాలావాటికి బ్యాటరీయే ఆధారం. ఒక్క బ్యాటరీతో ఏళ్ల తరబడి పనిచేయాలి గనుక అవి ఎక్కువ కాలం నిద్రావస్థలో ఉండి, అవసరమైనప్పుడు మాత్రమే మేలుకొని, రెండు మాటలు చెప్పి మళ్లీ నిద్రిస్తాయి. రేడియోను తెరిచి ఉంచడమే వాటికి పెద్ద ఖర్చు. మాట్లాడకపోయినా, ఊరకే వింటూ ఉన్నా శక్తి తరిగిపోతుంది.

ఇటువంటి పరికరాల కోసం 2003లో ఐ ట్రిపుల్ ఈ 802.15.4 అనే ప్రమాణం వెలువడింది. మన దేశంలో 865 నుండి 868 మెగాహెర్ట్జ్ వరకు గల తరంగాలను నిర్దేశిత శక్తి పరిమితికి లోబడి లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. మీటర్లు, వీధి దీపాలు తరచుగా ఈ పట్టీలోనే పలుకుతాయి.

ఆ ప్రమాణం మొదటి కూర్పులో ఒక్కొక్క రేడియో పొట్లం 127 బైట్లకు మించరాదు. అందులో రేడియోకు, భద్రతకు కావలసినవి తీసివేస్తే 81 బైట్లే మిగిలే సందర్భం ఉన్నది. ఇంటర్నెట్ ఆరవ కూర్పు, అనగా ఐపీవీ6, తలకట్టుకే 40 బైట్లు కావాలి. దానిపై యూడీపీ అనే రవాణా పద్ధతికి మరొక 8 బైట్లు. చివరకు అసలు సమాచారానికి మిగిలేవి 33 బైట్లు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపిలోని ఒక్కొక్క సంకేతానికి 3 బైట్లు పడుతుంది గనుక ‘నీటి మీటరు’ అన్న రెండు మాటలకే 28 బైట్లు చెల్లిపోతాయి. ఆ 40 బైట్ల తలకట్టులో 32 బైట్లు పంపేవాని చిరునామా, అందుకొనేవాని చిరునామా మాత్రమే. అంటే చిరునామాయే ఇక్కడ పెద్ద బరువు.

ఈ బరువును తగ్గించుటకు ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే ఐఈటీఎఫ్ అనే అంతర్జాతీయ సంఘం 2007లో ఆర్‌ఎఫ్‌సీ 4944ను, 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6282ను వెలువరించింది. పెద్ద పొట్లాన్ని ముక్కలు చేయడం, తలకట్టును కుదించడం వీటిలోని సారాంశం. ఈ ఏర్పాటుకే సిక్స్‌లోప్యాన్ అని పేరు. గృహ పరికరాలకు వాడే థ్రెడ్, విద్యుత్ మీటర్లకు, వీధి దీపాలకు వాడే వై-సన్ అనే పద్ధతులు రెండూ ఈ పునాదిపైనే నిలిచాయి.

చిరునామా అంటే దారి

ఐపీవీ6 చిరునామాలో 128 బిట్లు ఉంటాయి. సాధారణంగా మొదటి 64 బిట్లు ఏ వలయానికి పంపాలో చెబుతాయి. తక్కిన 64 బిట్లు ఆ వలయంలో ఏ పరికరానికి ఇవ్వాలో చెబుతాయి. మొదటి భాగాన్ని ‘ముందుభాగం’ అని ఈ వ్యాసంలో వ్యవహరిద్దాము. ఉత్తరంపై పిన్‌కోడ్, ఇంటి నంబరు ఎలాగో ఇవీ అలాగే.

పిన్‌కోడ్ మన దేశంలో 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చింది. దానిలో ఒక విశేషం యానాంలోని తెలుగువారికి బాగా తెలుసు. యానాం పుదుచ్చేరి పాలనలో ఉన్నది. పుదుచ్చేరి నగరపు పిన్‌కోడ్‌లు 605తో మొదలవుతాయి. కాని యానాం పిన్‌కోడ్ 533464. చుట్టూ ఉన్న గోదావరి ప్రాంతపు సంఖ్యతోనే అది మొదలవుతుంది. పాలన ఎవరిదన్నది కాక, ఉత్తరం ఏ దారిన వచ్చి చేరుతుందన్నది ఆ సంఖ్య చెబుతున్నది. ఐపీ చిరునామా కూడా ఇట్టిదే. అది పరికరం ఎవరి సొత్తో చెప్పదు. ఏ రౌటరు దారిన దానిని చేరుకోవాలో చెబుతుంది. అందువల్ల దారి మారితే చిరునామా మారే ప్రమాదం ఉన్నది. ఈ ఒక్క మాట గుర్తుంటే తక్కిన విషయమంతా సులభంగా బోధపడుతుంది.

కేకవేసి అడిగే పద్ధతి

మామూలు కార్యాలయాలలోని కంప్యూటర్లు తమ పొరుగువారిని ఎలా గుర్తిస్తాయి? ఒక కంప్యూటరు క్రొత్త చిరునామా పెట్టుకొనదలచినప్పుడు, “ఈ చిరునామా ఇప్పటికే ఎవరికైనా ఉన్నదా?” అని వలయంలో ప్రకటిస్తుంది. కొంతసేపు బదులు రాకపోతే అది తనదే అని భావిస్తుంది. మౌనమే అంగీకారం. 2007 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4861, 4862లలోని పద్ధతి ఇది.

అల్పశక్తి వలయంలో ఈ పద్ధతికి రెండు లోపాలు ఉన్నాయి. మొదటిది, ఆ కేకను వినడానికి అందరూ మేలుకొని ఉండాలి. నిద్రే ఆయుష్షుగా గల పరికరాలకు అది సాధ్యం కాదు. రెండవది, ఆ చిరునామా గల మీటరు ఆ క్షణాన నిద్రలో ఉంటే బదులు రాదు. అది అంగీకారం కాదు, నిద్ర. దానిని అంగీకారంగా తీసుకుంటే రెండు మీటర్లకు ఒకే చిరునామా ఏర్పడుతుంది. ఒకరికి పంపిన ఆజ్ఞ మరొకరికి చేరవచ్చు.

నమోదు పద్ధతి

ఈ లోపాన్ని సవరించుటకు 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6775 వెలువడింది. దీని ప్రకారం కేక వేయనక్కరలేదు. పరికరం మేలుకొని ఉన్న సమయంలో తనకు దగ్గరగా ఉన్న రౌటరుకు నేరుగా ఒక విన్నపం పంపుతుంది. అందులో మూడు అంశాలు ఉంటాయి: తాను కోరే చిరునామా, తన యంత్రపు 64 బిట్ల గుర్తు, నమోదు ఎంతకాలం నిలవాలో తెలిపే గడువు. రౌటరు తన పొరుగు పట్టికలో దానిని వ్రాసుకొని బదులు ఇస్తుంది. 0 అని బదులు వస్తే నమోదు అయినట్లు. 1 అని వస్తే ఆ చిరునామా వేరొకరికి ఉన్నట్లు. 2 అని వస్తే రౌటరు పట్టికలో చోటు లేనట్లు.

రౌటర్లు ఒకదాని వెనుక ఒకటిగా ఉన్న వలయంలో, పరికరానికి దగ్గరి రౌటరు తన పట్టికను మాత్రమే చూసి నిర్ణయించజాలదు. వీధి చివర ఉన్న మరొక రౌటరు వద్ద అదే చిరునామా ఉండవచ్చు. కావున అది వలయానికీ బయటి ఇంటర్నెట్‌కూ మధ్యనుండే సరిహద్దు రౌటరును అడుగుతుంది. ఆ సరిహద్దు రౌటరు వద్ద వలయమంతటి నమోదు పుస్తకం ఉంటుంది. కేకకు బదులుగా దస్తావేజు వచ్చిందన్నమాట.

ద్వారాలు పలు అయినప్పుడు

సరిహద్దు రౌటరు ఒక్కటే ఉంటే కథ ఇంతటితో ముగుస్తుంది. కాని ఒక్క ద్వారంపైనే ఆధారపడిన వలయం ఆ ద్వారానికి కరెంటు పోయిన క్షణాన మూగబోతుంది. కావున పెద్ద వలయాలలో రెండు మూడు ద్వారాలు పెడతారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఏ, బీ, సీ అనే మూడు బ్లాకులు గల అపార్ట్‌మెంటును ఉదాహరణగా తీసుకొందాము. ప్రతి బ్లాకు మిద్దెపై ఒక సరిహద్దు రౌటరు ఉన్నది. బీ బ్లాకు క్రింది అంతస్తులోని ఒక నీటి మీటరుకు మామూలుగా బీ రౌటరు అందుతుంది. కాని నడుమ ఒక ఇనుప షట్టరు దిగినా, ఒక లారీ నిలిచినా, రేడియో తరంగాల దారి మారుతుంది. అప్పుడు దానికి సీ రౌటరే బాగా అందవచ్చు. మీటరు అంగుళం కూడా కదలలేదు. దాని పొరుగు మాత్రం మారింది.

ఈ స్థితిలో ఏర్పాట్లు రెండు విధాలుగా ఉండవచ్చు.

మొదటి విధానంలో ప్రతి సరిహద్దు రౌటరు తనకు వేరొక ముందుభాగాన్ని ప్రకటిస్తుంది. ఇది ఏర్పరచడం సులభం. ఒక్కొక్క రౌటరు తన పట్టికను తానే చూసుకుంటుంది. కాని మీటరు బీ నుండి సీకి మారినప్పుడు దాని చిరునామా మారుతుంది. లెక్కలు వ్రాసే సర్వరు వద్ద ఇంకా బీ చిరునామాయే ఉంటుంది. సర్వరు పంపిన మాట బీ మిద్దెకు వెళ్లి, అక్కడ అట్టి మీటరు కనబడక నశిస్తుంది. మీటరు పాత చిరునామాతోనే సీ ద్వారం గుండా మాట పంపినా ఫలితం ఉండకపోవచ్చు. తన వలయానికి చెందని చిరునామాతో వచ్చిన పొట్లాన్ని మోసపు పొట్లంగా ఎంచి తిరస్కరించడం ఇంటర్నెట్‌లో మంచి ఆచారంగా స్థిరపడింది.

రెండవ విధానంలో మూడు రౌటర్లూ ఒకే ముందుభాగాన్ని పంచుకుంటాయి. మీటరు ఏ బ్లాకు వైపు మొగ్గినా చిరునామా మారదు. కాని మూడు రౌటర్లకూ ఒక విషయంలో ఏకాభిప్రాయం ఉండాలి: ఈ క్షణాన ఆ మీటరు ఎవరి వద్ద ఉన్నది? బీ పట్టికలోనూ ఉన్నది, సీ పట్టికలోనూ ఉన్నది. ఏది తాజా, ఏది పాత?

వరుస సంఖ్యతో తీర్పు

ఈ ప్రశ్నకు 2018లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 8505 సమాధానం చెప్పింది. నమోదు విన్నపానికి అది ప్రధానంగా రెండు అంశాలను చేర్చింది.

మొదటిది వరుస సంఖ్య. పరికరం క్రొత్తగా నమోదు చేసుకొన్న ప్రతిసారీ ఆ సంఖ్యను పెంచుతుంది. బీ వద్ద 17వ నమోదు, సీ వద్ద 18వ నమోదు కనబడితే సీ వద్దనున్నదే తాజా అని తేలుతుంది. అప్పుడు బీ రౌటరుకు ‘తరలిపోయినది’ అన్న సమాచారం చేరుతుంది. అది తన పట్టికలోని పాత వరుసను తొలగిస్తుంది. ఇక్కడ గడియారాన్ని నమ్మకపోవడంలో ఒక వివేకం ఉన్నది. చిన్న పరికరాల గడియారాలు ముందువెనుకలుగా నడుస్తాయి. సంఖ్య అట్లు నడవదు. ఆ సంఖ్యకు 8 బిట్లు మాత్రమే గనుక అది చివరకు చేరి మళ్లీ మొదటికి వస్తుంది. పరికరం ఆగి తిరిగి మొదలైనప్పుడు పాత సంఖ్యతో పొరబడకుండా, ఆరంభానికి వేరొక సంఖ్యా శ్రేణిని కేటాయించారు.

అదే పరికరం ఒకే వరుస సంఖ్యతో రెండు రౌటర్ల వద్ద నమోదు అయితే అది తరలింపు కాదు. రెండు దారులనూ తెరచి ఉంచుకోవడం. ఒక దారి మూసుకుపోయినా రెండవది ఉంటుంది. సొంత ఊరిలోని ఇంటికీ, పని ఊరిలోని గదికీ రెండింటికీ ఉత్తరాలు రానిచ్చే ఏర్పాటు వంటిది ఇది.

రెండవ అంశం యాజమాన్యపు గుర్తు. ఇది 64 నుండి 256 బిట్ల వరకు ఉండవచ్చు. ఒకే చిరునామాకు రెండు నమోదులు వచ్చినప్పుడు రౌటరు మొదట ఈ గుర్తునే పోల్చుతుంది. గుర్తు ఒకటే అయితే అది ఒకే పరికరం. వరుస సంఖ్యను బట్టి తాజా నమోదును నిలుపుతుంది. గుర్తులు వేరైతే రెండు పరికరాలు ఒకే చిరునామాను కోరుతున్నట్లు. ముందు నమోదు అయినదానికే చిరునామా నిలుస్తుంది, రెండవదానికి తిరస్కారం. ‘ఇల్లు మారినవాడు’, ‘ఇల్లు ఆక్రమించదలచినవాడు’ అనే ఇద్దరినీ వేరుచేసేది ఈ గుర్తే.

వెన్నెముక రౌటరు

2020లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8929 ఈ ఏర్పాటును మరింత విస్తరించింది. మూడు మిద్దెల రౌటర్లనూ ఒక వేగవంతమైన తీగ మార్గం కలుపుతుంది. దానిని వెన్నెముక అనవచ్చు. ఆ మార్గంలో కంప్యూటర్లు పాత పద్ధతిలోనే “ఈ చిరునామా ఎవరిది?” అని కేకవేస్తాయి. నిద్రలో ఉన్న మీటరుకు ఆ కేక చేరనక్కరలేదు. దాని నమోదును కలిగిన రౌటరు, “అది నా సంరక్షణలో ఉన్నది, నాకు ఇవ్వండి” అని దాని తరఫున బదులు ఇస్తుంది. యజమాని నిద్రపోతున్నప్పుడు వాకిట కూర్చుండి ఉత్తరాన్ని అందుకొనే ఇంటిపెద్ద పాత్ర అది.

ఈ రౌటరు తన వద్దనున్న ప్రతి చిరునామాకు ఒక స్థితిని కేటాయిస్తుంది. క్రొత్తగా వచ్చినది ‘పరిశీలనలో’ ఉంటుంది. వెన్నెముకపై మరెవరూ దానిపై హక్కు చెప్పకపోతే ‘అందుబాటులో’ అవుతుంది. మరొక రౌటరు వద్ద తాజా నమోదు కనబడితే ‘పాతబడినది’ అవుతుంది. ఈ విధంగా వేల కొలది పరికరాలు ఒకే వలయంగా కనబడుతూనే, వెన్నెముకపై సాగే కేకలకు ఎడంగా తమ నిద్రను కాపాడుకుంటాయి.

ఈ లాభానికి ఒక మూల్యం ఉన్నది. ప్రతి పరికరానికీ పట్టికలో చోటు కావాలి. ఒక్కొక్క పరికరం మూడేసి చిరునామాలను నమోదు చేసుకుంటే, 300 వరుసలు పట్టే పట్టిక 100 పరికరాలతోనే నిండిపోతుంది. ఒక రౌటరు చెడి దాని పరికరాలన్నీ పక్క రౌటరుకు తరలివచ్చినప్పుడు అక్కడ చోటు లేకపోతే, ‘పట్టిక నిండినది’ అన్న బదులే వస్తుంది. రెండవ ద్వారం ఉన్నదని చెప్పుకున్నా అది అక్కరకు రాదు. కావున ఒక ద్వారం మూసుకున్న నాడు తక్కినవి ఎంత బరువు మోయగలవో ముందే లెక్క చూడాలి.

గడువు లెక్క

నమోదుకు గడువు ఉంటుందని పైన చెప్పుకొన్నాము. అది నిమిషాలలో ఉంటుంది. గరిష్ఠంగా 65,535 నిమిషాలు, అనగా సుమారు 45 రోజులు. ఎంత గడువు పెట్టాలన్నది ఏర్పాటు చేసేవారి విజ్ఞత.

300 మీటర్లు గల వలయంలో గంటకొకసారి నమోదును పునరుద్ధరించాలంటే నిమిషానికి సగటున 5 విన్నపాలు వస్తాయి. రోజుకొకసారి అయితే దాదాపు 5 నిమిషాలకు ఒక్క విన్నపం చాలు. రెండవది బ్యాటరీకి మేలు. కాని ఒక మీటరు చెడిపోయినా, ఎవరైనా దానిని ఊడదీసినా, దాని పేరు ఒక రోజంతా పట్టికలో సజీవంగానే కనబడవచ్చు. రౌటరు ఆగి తిరిగి మొదలై తన పట్టికను మరచిపోతే, మీటరు మళ్లీ మేలుకొని నమోదు చేసుకొనేంతవరకు దానిని పిలిచే దారి ఉండకపోవచ్చు. గడువు తక్కువైతే శక్తి వ్యయం, ఎక్కువైతే సమాచారపు తాజాదనానికి లోటు. వీధి దీపానికి కరెంటు ఉంటుంది గనుక తక్కువ గడువు పెట్టవచ్చు. బ్యాటరీ గల నీటి మీటరుకు ఎక్కువ గడువు తగినది. అన్నిటికీ ఒకే గడువు పెట్టడం సరైన పద్ధతి కాదు.

చిరునామాను దొంగిలించగలరా?

యాజమాన్యపు గుర్తు యంత్రపు సంఖ్యయే అయితే దానిని చాటుగా విని మరొకరు వాడుకొనే అవకాశం ఉన్నది. అప్పుడు దొంగ పరికరం పెద్ద వరుస సంఖ్యతో “నేను తరలివచ్చాను” అని చెప్పి, అసలు మీటరుకు రావలసిన మాటలన్నీ తనవైపు మళ్లించుకోగలదు. దీనిని నివారించుటకు 2020లోనే ఆర్‌ఎఫ్‌సీ 8928 వెలువడింది. ఇందులో గుర్తును పరికరపు రహస్య తాళానికి జంటయైన బహిరంగ తాళం నుండి తయారు చేస్తారు. అనుమానం వచ్చినప్పుడు రౌటరు ఒక సవాలు విసురుతుంది. రహస్య తాళం గలవారు మాత్రమే దానికి సంతకంతో బదులు ఇవ్వగలరు. తాళం పరికరాన్ని విడిచి వెళ్లదు గనుక చాటుగా విన్నవారికి ప్రయోజనం ఉండదు.

గోప్యత మరొక ముఖ్య విషయం. చిరునామాలోని రెండవ భాగాన్ని యంత్రపు శాశ్వత సంఖ్య నుండే తయారు చేస్తే, ఆ పరికరాన్ని ఎక్కడ ఉన్నా గుర్తుపట్టవచ్చు. నీటి మీటరు గంట గంటకూ పంపే లెక్క ఆ ఇంట్లో ఎవరు ఎప్పుడు లేస్తారో, ఏ రోజులలో ఇల్లు తాళం వేసి ఉంటుందో చెప్పగలదు. పండుగకు సొంత ఊరికి వెళ్లే కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. గోప్యత మౌలిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని ఆమోదించింది. మీటరు లెక్కను ఎవరు చూస్తారు, ఎంతకాలం దాచుతారు అని అడగడానికి ఇవి పునాది.

గుర్తు వేరు, చిరునామా వేరు

సాంకేతిక వివరాలన్నిటి నుండి పౌరులు గ్రహించవలసిన సూత్రం ఒకటి ఉన్నది. పరికరం ‘ఎవరు’ అన్నది వేరు, అది ‘ఎక్కడ’ అన్నది వేరు. ఐపీ చిరునామా ఎక్కడ అన్నదానికి సమాధానం; అది మారవచ్చు. మీటరుపై ముద్రించిన క్రమ సంఖ్య, స్తంభంపై వ్రాసిన సంఖ్య ఎవరు అన్నదానికి సమాధానాలు, అవి మారరాదు. బిల్లు ఎప్పుడూ మీటరు క్రమ సంఖ్యను బట్టి రావాలి గాని నెట్‌వర్క్ చిరునామాను బట్టి రాకూడదు. చిరునామాను బట్టి లెక్క వ్రాసే ఏర్పాటులో, ఒక మీటరు విడిచిన చిరునామాను మరొకటి పుచ్చుకొన్న నాడు ఒకరి నీటి వాడకం మరొకరి ఖాతాలో పడే ప్రమాదం ఉన్నది.

వీధి దీపాల విషయంలోనూ ఇంతే. కేంద్ర ప్రభుత్వం 2015 జనవరి 5న వీధి దీపాల జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. అంతకు కొద్ది నెలల ముందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను దెబ్బతిన్న విశాఖపట్నం, ఎల్‌ఈడీ దీపాలకు తొలినాళ్లలో మారిన నగరాలలో ఒకటి. అయితే చాలా పట్టణాలలో నియంత్రణ పరికరం ప్రతి దీపానికీ ఉండదు. ఒక వరుస దీపాలకు కలిపి ఒక పెట్టె ఉంటుంది. వరుస మొత్తం ఆరితే అది పెట్టెకు తెలుస్తుంది. నడుమ ఒక్క దీపం మాడితే దానిని చూసి చెప్పవలసినది వీధిలోని మనిషే. కావున ఫిర్యాదులో ‘మా ఇంటి ఎదుటి దీపం’ అని కాక స్తంభం సంఖ్యను తెలపాలి. ఆ సంఖ్య చెరిగిపోయి ఉంటే ఇరువైపులా ఉన్న స్తంభాల సంఖ్యలు చెప్పవచ్చు.

అన్ని వలయాలూ పైన వివరించిన పద్ధతినే పాటించవని కూడా గమనించాలి. నీటి మీటర్లలో వాడే లోరావాన్ పద్ధతిలో పరికరం ఏ ఒక్క గేట్‌వేకూ కట్టుబడదు. దాని మాటను విన్న గేట్‌వేలన్నీ కేంద్ర సర్వరుకు పంపుతాయి. ఒకే మాట పలుమార్లు చేరితే సర్వరు ఒక్కదానినే ఉంచుకుంటుంది. అక్కడ చిరునామాల బరువంతా సర్వరుపై ఉంటుంది. విద్యుత్ మీటర్లలో కొన్ని సిమ్ కార్డుతో నేరుగా మొబైల్ టవరుతో మాట్లాడుతాయి.

నివాసుల సంఘాలు అడగదగిన ప్రశ్నలు

అపార్ట్‌మెంటులో తీగలు లేని నీటి మీటర్లను పెట్టే నిర్ణయం తరచుగా నివాసుల సంఘానిదే. సంఘంలో సభ్యులైన తెలుగువారు ఒప్పందంపై సంతకానికి ముందు సరఫరాదారును ఈ క్రింది విషయాలు అడగడం మేలు.

1. గేట్‌వేలు లేదా సరిహద్దు రౌటర్లు ఎన్ని? ఒకటి ఆగిపోతే దాని క్రింది మీటర్లన్నిటినీ తక్కినవి మోయగలవా?

2. మీటరు ఒక రౌటరు నుండి మరొకదానికి మారితే దాని చిరునామా మారుతుందా? మారితే సర్వరుకు ఎలా తెలుస్తుంది?

3. బిల్లు లెక్కకు ఆధారం మీటరు క్రమ సంఖ్యయేనా?

4. సంబంధం తెగిన కాలంలోని వాడకం లెక్కను మీటరు తనలో దాచుకొని తరువాత పంపుతుందా? ఎన్ని రోజుల లెక్క దాచగలదు?

5. నమోదు గడువు ఎంత? బ్యాటరీ ఆయుష్షు చెప్పినప్పుడు ఏ గడువును లెక్కలోకి తీసుకొన్నారు?

6. మీటరు పాతదైతే దాని నమోదును రద్దు చేసే బాధ్యత ఎవరిది? అద్దెకున్నవారు ఇల్లు ఖాళీ చేసినప్పుడు వారి పాత లెక్కలను క్రొత్తవారు చూడగలరా?

చివరి ప్రశ్న అద్దె ఇళ్లలో ఉండేవారికి ప్రత్యేకంగా ముఖ్యమైనది. ఇల్లు మారేటప్పుడు మీటరు సంఖ్యను, ఆ రోజటి లెక్కను ఫోటో తీసుకొని, యజమానికి లేదా సంఘానికి వ్రాతపూర్వకంగా తెలపండి. ఇంట్లో ఉన్నంతకాలం మీటరుపై ఇనుప రేకు, ఇనుప పెట్టె అమర్చకండి. లోహం రేడియో తరంగాలను అడ్డుకుంటుంది.

పురపాలక సంస్థ ఆధీనంలోని దీపాలు, మీటర్ల గురించి తెలుసుకోదలచినవారికి సమాచార హక్కు చట్టం, 2005 ఉన్నది. ఆ చట్టంలోని 6వ సెక్షను ప్రకారం దరఖాస్తును ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఇవ్వాలి. తెలుగు అధికార భాష కాని నగరాలలో తెలుగులో వ్రాసిన దరఖాస్తుకు చట్టపరమైన హామీ లేదు. అయితే వ్రాతలో ఇవ్వలేనివారు నోటితో చెబితే దానిని వ్రాతలో పెట్టుటకు తగిన సహాయం చేయవలసిన బాధ్యత ప్రజా సమాచార అధికారిదే. 3 లక్షలు, అంతకు మించిన జనాభా గల పురపాలక ప్రాంతాలలో వార్డు కమిటీలు ఏర్పరచాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం చెబుతున్నది. పై ప్రశ్నలను అక్కడ లేవనెత్తవచ్చు.

తన చిరునామాను తానే నమోదు చేసుకొని, గడువు తీరకముందే పునరుద్ధరించుకొని, తరలినప్పుడు క్రొత్త సంఖ్యతో తెలియజేసే పరికరానికి పంపినది చేరుతుంది. దారి మారినా తన గుర్తు చెరగని మీటరు తప్పు బిల్లు పుట్టించదు. మీ ఇంటి మీటరు సంఖ్యను, మీ వీధి స్తంభం సంఖ్యను ఈ పుస్తకం చివరి పుటలోని ఖాళీలో నేడే వ్రాసి ఉంచుకోగలరు.